మెరిసే వైపు పెట్టిన బొట్టు

ముందుగా నా తెలుగును మన్నించమని కోరుతున్నాను. పగలు ఎరువుల దుకాణంలో బస్తాలు మోసి, దీపాలు పెట్టిన తర్వాత రాత్రిబడిలో కూర్చొని నేర్చుకున్న తెలుగు ఇది. ఆ బడి నుంచే డిగ్రీ వరకు వచ్చానని చెప్పుకోవడానికి నేను ఏనాడూ వెనుకాడలేదు. అయినా కాగితం మీద పెట్టేసరికి మాటలు బిగుసుకుపోతాయి. కొత్తకోటలో మేమందరం టైపు మేడం అని పిలుచుకున్న ఆవిడ పోయిన సోమవారం తెల్లవారుజామున కన్నుమూశారు. ఆవిడ గురించి రాయడానికి నాకంటే తగినవారు ఉంటారు. వారెవరూ ఇంకా రాయలేదు కనుక నేను రాస్తున్నాను.

బస్టాండు వెనుక సందులో ఆవిడది ఒక్క షట్టరు గది. మొదట్లో అందులో టైపు మిషన్లు ఉండేవి. తర్వాత కంప్యూటరు వచ్చింది. పెండ్లి కార్డులు, దశదినకర్మ కార్డులు, దరఖాస్తులు, రసీదు పుస్తకాలు, మా ఊరికి కావలసిన అక్షరాలన్నీ అక్కడే తయారయ్యేవి. నేను టైపు నేర్చుకోవడానికి వెళ్లినప్పటికి నాకు ముప్పై దాటింది. అటూ ఇటూ కాలేజీ పిల్లలు. బస్తాలు ఎత్తి మొద్దుబారిన నా వేళ్లు ఒక్కొక్కటి రెండేసి అక్షరాల మీద పడేవి. పిల్లలు నవ్వితే ఆవిడ వారిని ఏమీ అనలేదు. నా పక్కన స్టూలు వేసుకొని కూర్చొని, "చదువు పొద్దుగాల్నే రావాలని ఎక్కడన్న రాసుందా తమ్మీ? నీకు పొద్దుమూకినంక వచ్చింది. రానియ్యి" అన్నారు. బస్తాల దగ్గరి నుంచి బిల్లుల బల్ల దగ్గరికి నేను మారగలిగింది ఆ స్టూలు పక్కన నేర్చుకున్న పని వల్లనే.

ఆవిడకు కళ్లలో నీటికాసులు, అదే గ్లాకోమా, వచ్చాయి. పోయిన చూపు తిరిగి రాదని, ఉన్నదాన్ని కాపాడుకోవాలని డాక్టరు చెప్పాడట. ఆవిడ ఆ సంగతి ఎవరితోనూ పెద్దగా మాట్లాడలేదు. తెర మీది అక్షరాలు మసకబారుతున్న కొద్దీ వేళ్లతోనే పని చేయడం అలవాటు చేసుకున్నారు. తన పాత ఆఫీసు సాఫ్ట్‌వేరులో ఏ మెనూ ఎక్కడుంటుందో, అందులో ఎన్నిసార్లు కిందికి నొక్కితే ఏది వస్తుందో ఆవిడ వేళ్లకు తెలుసు.

మన జిల్లాలు చీలి, కొత్తకోట మహబూబ్‌నగర్ నుంచి వనపర్తి జిల్లాలోకి పోయిన కాలం అది. ప్రతి దుకాణం వాడికీ లెటర్‌హెడ్డు మీద, రసీదు మీద జిల్లా పేరు మార్చవలసి వచ్చింది. సరిగ్గా ఆ పని ముమ్మరంలోనే ఆవిడ పాత కంప్యూటరు ఆగిపోయింది. దానికి విడిభాగాలు దొరకవన్నారు. కొత్తది కొన్నారు. అందులో కొత్త సిస్టం, కొత్త ఆఫీసు సాఫ్ట్‌వేరు ఉన్నాయి. మెనూలు ఉండవలసిన చోట బొమ్మల పట్టీ ఒకటి ఉంది. పాత ఫైలు ఏది తెరిచినా, తెలుగు ఉండవలసిన చోట ఇంగ్లీషు అక్షరాలు, గీతలు, చుక్కలు, డాలరు గుర్తులు కనిపించేవి. బిడ్డ పెండ్లి కార్డు కోసం వచ్చిన గొర్ల కాపరి ఒకాయన తెరలోకి తొంగిచూసి, "ఏందమ్మా ఇది? మా బిడ్డ పెండ్లి ఏ దేశంల పెట్టినవు?" అని అడిగాడు. గదిలో అందరం నవ్వాము. మేడం కూడా నవ్వారు కానీ, ఆ తర్వాత చాలాసేపు ఆవిడ చేతులు కీబోర్డు మీద కదలకుండా ఉండిపోయాయి.

మేడం వాళ్ల అన్నయ్య ఆర్టీసీలో కండక్టరుగా చేసి రిటైరైన మనిషి. ఈ అదను కోసమే చూస్తున్నట్టుగా ఆ వారమే వచ్చారు.

"ఇగ చాలు చెల్లె. కండ్లు లేవు, మిషన్ లేదు. షట్టర్ దించు. ఇంట్ల కూసొని తిందువు గాని రా."

"తినుటానికైతే నీ ఇంటికి ఎన్నడో వద్దును అన్నా. ఈ చేతులను ఏం జేసుకోవాలె?"

చివరికి ఇద్దరూ ఒక ఒప్పందానికి వచ్చారు. వచ్చే ఆదివారం నేను వచ్చి ఆ పాత సాఫ్ట్‌వేరును కొత్త మిషన్‌లో ఎక్కించి చూడాలి. ఎక్కితే దుకాణం ఉంటుంది. ఎక్కకపోతే ఆ సాయంత్రమే షట్టరు దించి తాళం వేయాలి.

పాత ఆఫీసు సాఫ్ట్‌వేరు, దానితోపాటు తెలుగు అక్షరాల ఫాంట్లు, అన్నీ ఒకే సీడీలో ఉన్నాయి. కొత్త మిషన్‌కు సీడీ పెట్టే చోటే లేదు. అందుకని మా ఎరువుల దుకాణం నుంచి బయట తగిలించే డ్రైవు పట్టుకుపోయాను. సెటప్ నొక్కితే, ఈ ప్రోగ్రాము ఈ సిస్టంకు సరిపడదని ఒక పెట్టె తెరుచుకుంది. కుడి బటను నొక్కి ప్రాపర్టీస్‌లోకి పోయి, కంపాటిబిలిటీ అన్నచోట పాత సిస్టం పేరు ఎంచి, అడ్మినిస్ట్రేటరు హోదాలో నడపమని ఆదేశించాను. ఈసారి పెట్టె రాలేదు. పని ఎంతయిందో చూపే పచ్చని పట్టీ కదిలింది. సగం దాటి, ఆగిపోయింది. మళ్లీ మొదలుపెట్టాను. మళ్లీ అక్కడికే వచ్చి ఆగింది.

"ఎక్కిందా తమ్మీ?"

"సగం ఎక్కింది మేడం."

"సగం ఎక్కినోనికి నేనెన్నడు టికెట్ కొట్టలే" అన్నారు అన్నయ్య. షట్టరు లాగే ఇనుప కొక్కెం అప్పటికే ఆయన చేతిలో ఉంది.

మేడం సీడీని తన చేతికి ఇమ్మన్నారు. అంచు పట్టుకొని, బొటనవేలితో మెల్లగా తడుముతూ పోయి ఒకచోట ఆగారు. "ఈడ గరుకుగ ఉంది, చూడు."

వెలుతురుకు వంచి చూశాను. మెరిసే వైపున, ఎండి అట్టకట్టిన పసుపు. దాని నడుమ కుంకుమ బొట్టు. దసరా నాడు మిషన్లకు బొట్లు పెట్టేటప్పుడు ఆవిడ ఏటా ఈ సీడీకి కూడా పెట్టేవారట.

"మెరిసే దిక్కే మొఖం అనుకున్న" అన్నారు ఆవిడ. "వీపుకు ఎవరన్న బొట్టు పెడ్తరా?"

"మిషన్ చదివేది ఆ దిక్కే మేడం. బొట్టు అడ్డమున్న కాడ ఆగిపోతాంది."

ఆవిడ నవ్వడం మొదలుపెట్టారు. "గిన్ని దినాలు ఈ కొత్తదాన్ని ఉత్తగనే తిట్టినం పాపం."

నేను తుడవబోతే చేయి అడ్డం పెట్టారు. ఉన్న బొట్టును ఊరికే తుడిచేయడానికి ఆవిడకు మనసొప్పలేదు. ముందు రెండో వైపు కొత్త బొట్టు పెట్టాలి, ఆ తర్వాతే పాతది తీయాలి. గదిలో చూస్తే కుంకుమ లేదు. అన్నయ్య ఒక్క నిమిషం చెల్లెలి ముఖంలోకి చూశారు. కొక్కెం బల్ల మీద పెట్టి పక్కనున్న టిఫిన్ హోటలుకు వెళ్లి, అక్కడి దేవుని పటం దగ్గరి పసుపు కుంకుమలు కాగితంలో పట్టుకొచ్చారు. సీడీ పేరు రాసి ఉన్న వైపు ఆయనే బొట్టు పెట్టారు. మేడం తడి నూలుగుడ్డతో రెండో వైపు నడిమి నుంచి అంచుకు తుడిచారు. అది బాగా ఆరేదాకా ఆగి, మళ్లీ డ్రైవులో పెట్టి సెటప్ నొక్కాను.

పచ్చని పట్టీ సగం దాటింది, చివరి వరకు పోయింది. గొర్ల కాపరి బిడ్డ పెండ్లి కార్డు తెరిస్తే, తెలుగు ఎక్కడిదక్కడ ఉంది. మేడం కీబోర్డు దగ్గరికి జరుపుకొని, చూపు అవసరం లేకుండా ఒక్కొక్క మెనూను పలకరించారు. "ఉన్నయి. అన్ని ఉన్నయి" అన్నారు. ఆ సాయంత్రం షట్టరు ఎప్పటి వేళకే దిగింది. దించింది ఆవిడే.

ఆ తర్వాత ఆవిడ మిగిలిన కాలమంతా పని చేశారు. చూపు పూర్తిగా పోయాక, తప్పులు చూడడానికి అన్నయ్యే రోజూ రావడం మొదలుపెట్టారు. నాకు ఇప్పటికీ కనిపించే దృశ్యం అదే. కీబోర్డు ఆవిడ ముందు ఉండేది, తెర మాత్రం ఆయన వైపు తిరిగి ఉండేది. బస్సులో స్టేజీల పేర్లు పిలిచిన గొంతుతో ఆయన ఊళ్ల పేర్లు, చుట్టాల పేర్లు గట్టిగా చదివేవారు. పంక్తి పంక్తికీ ఆగేవారు. ఆ విరామంలో ఆవిడ దిద్దుకునేవారు. ఒత్తు పోయిందని ఆయన, పోలేదు నీ అద్దాలు తుడుచుకొమ్మని ఆవిడ. ఆ తగవు సందు చివరి వరకు వినిపించేది.

ఈ కాగితం చేతికందిన వారెవరైనా, చదవడం అయ్యాక, దీన్ని కొత్తకోటలో మేడం అన్నయ్యకు చేర్చండి. తర్వాత చదవవలసింది ఆయన. మౌనంగా చదవడం ఆయనకు అలవాటు తప్పింది, గట్టిగానే చదువుతారు. దగ్గర ఎవరైనా కూర్చోండి. పంక్తి పంక్తికీ ఆయన కాసేపు ఆగుతారు. అప్పుడు తొందరపెట్టకండి.