చెవి వెనక ఆనించిన అచ్చు

గుడివాడలో మా కాలేజీకి ఎదురుగా ఒక మెకానిక్ షెడ్డుంది. మొన్న సాయంత్రం నా బండికి క్లచ్ వైరు వేయించుకుందామని వెళ్లాను. ఫోను కోసం సంచిలో చెయ్యి పెడితే, పసుప్పచ్చ గుడ్డలో చుట్టిన టేకు అచ్చు తగిలింది. బయటికి తీశాను. షెడ్డంతా పెట్రోలు వాసన, ఆ గుడ్డకేమో బట్టల అద్దకంలో వాడే కరక్కాయ వాసన. రెండూ కలిసి ముక్కుకు తగిలేసరికి పెడనలో రత్నం బాబాయిగారి వసారాలో నిలబడ్డట్టే అయింది. ఆయన పోయి రెండేళ్లు దాటింది.

రత్నం బాబాయిగారు మాకు చుట్టమేం కాదు. మా ఇంటికి మూడిళ్ల అవతల ఉండేవారు. నలభై ఏళ్లు కలంకారీ బట్టల మీద అచ్చులు వేసిన మనిషి. కానీ ఆయన ప్రాణమంతా మోటార్‌సైకిల్ మీదే. కుర్రతనంలో కొన్న మూడొందల యాభై సీసీ బండిని, అరవై దాటాక కూడా తనే విప్పి తనే బిగించుకునేవారు. పెద్దవయసులో ఫోను చేతికొచ్చాక, ఆ బండి మీద దివిసీమంతా తిరుగుతూ వీడియోలు పెట్టడం మొదలుపెట్టారు. వాటిలో ఆయన మొహం తక్కువ, ఇంజన్ ఎక్కువ. ఎక్కడెక్కడి వాళ్లో తమ బండి చప్పుడు రికార్డు చేసి పంపితే, విని జబ్బేమిటో చెప్పేవారు. నాకివేవీ తెలియవు. నేను లెక్కల లెక్చరర్ని. రోజూ గుడివాడ రైలు కోసం పరుగెత్తలేక, మా ఆయన వాడకుండా పడేసిన గేర్ల బండిని నేనే నడుపుతానని పంతం పట్టాను. అంతవరకే నాకు బండితో సంబంధం.

నేర్చుకున్న వారానికే అది టిక్కుటిక్కుమనడం మొదలుపెట్టింది. తోసుకుంటూ ఆయన వసారా ముందు ఆపాను. ఆయన బండి వైపైనా చూడకుండా అడిగారు. “ఎప్పుడొస్తోందమ్మా ఈ చప్పుడు? చల్లగా ఉన్నప్పుడా, వేడెక్కాకా?”

“అంత చూడలేదండీ. చప్పుడైతే వస్తోంది.”

“లెక్కలు చెబుతావటగా! ప్రశ్న సగమే తెచ్చి జవాబు చెప్పమంటే ఎలా?”

నాకు ఒళ్లు మండింది. కానీ ఆ తర్వాత ఆయన చేసింది చూసి మంట మర్చిపోయాను. ఏళ్ల వాడకంతో అంచులు అరిగిపోయిన మామిడిపిందె బొమ్మ అచ్చొకటి తెచ్చి, బండి స్టార్టు చేయించి, అచ్చు ఒక మూల ఇంజన్‌కి ఆనించి, పిడిని తన చెవి వెనక ఎముకకి నొక్కిపెట్టి కళ్లు మూసుకున్నారు. పూజలో కూర్చున్నట్టే ఉన్నారు. కాసేపటికి “టాపెట్ వదులైంది. గాభరా ఏం లేదు” అన్నారు. ఆ చెక్క ఎందుకండీ అని అడిగితే, ఇనుమైతే వేడెక్కి చెవి కాలుస్తుంది, టేకు కాల్చదు, చప్పుడు మాత్రం దాచుకోకుండా చెబుతుంది అన్నారు. నా చెవి వెనక కూడా పెట్టించారు. అమ్మబాబోయ్! అప్పటిదాకా ఒకటే మోత అనుకున్న ఇంజన్‌లో ఎన్ని విడివిడి చప్పుళ్లో. ఆ రోజు ఇంటికెళ్లి మిక్సీకి, కుట్టుమిషన్‌కి, చివరికి ఫ్రిజ్‌కి కూడా గరిటె ఆనించి విన్నాను. మా ఆయన నన్ను అనుమానంగా చూశారు.

అలా ఆదివారాలు నేనూ నా బండి మీద ఆయన వెనక వెళ్లడం, ఫోను పట్టుకుని వీడియో తీయడం అలవాటైంది. ఘంటసాల చేల మధ్య ఆగేవాళ్లం, మోపిదేవి దగ్గర టీ తాగేవాళ్లం. కనపడిన ప్రతి పాత బండినీ ఆపించి, ఓనరు ఊరూ పేరూ కాకుండా బండి ఊరూ పేరూ అడిగేవారాయన. హెల్మెట్ లేనివాడి బండి మాత్రం చూసేవారు కాదు. “తల మీద శ్రద్ధ లేనివాడికి ఇంజన్ మీదేం ఉంటుందిరా” అని మొహం మీదే అనేసేవారు.

ఒక ఆదివారం గిలకలదిండి హార్బరుకి వెళ్లాం. తిరిగి వస్తుంటే ఎదురుగా ఐస్ లారీ రివర్సులో వస్తోంది. నేను వెనకనుంచి హారన్ కొడుతూనే ఉన్నాను. ఆయన తల తిప్పలేదు. లారీ తగలడానికి జానెడు ముందు, ఎవరో చెయ్యి ఊపితే చూసి బ్రేకు వేశారు. బండి పక్కకి పెట్టించి అడిగేశాను.

“బాబాయిగారూ, మీకు వినపడటం లేదు కదూ?”

ఆయన వలలు అల్లేవాళ్ల వైపు మొహం తిప్పుకున్నారు. “కుడిది ఎప్పుడో పోయిందమ్మా. ఎడమదీ పోతోంది. ఎముకలోంచే వింటున్నాను. ఎవరికీ చెప్పకు. చప్పుడు చెప్పడం తప్ప ఈ వయసులో నాకింకేం మిగిలింది?”

చెప్పనన్నాను. బండ్లు దగ్గరికొస్తే అచ్చు ఉంది కాబట్టి పర్లేదు. చిక్కల్లా జనం పంపే రికార్డింగులతోనే. ఫోనుని ఎముకకి ఆనించినా పైపై గలగలే వచ్చేది కానీ, ఇంజన్ లోపలి బరువైన దెబ్బ ఆయనకు అందేది కాదు. నాకు మాత్రం ఇయర్‌ఫోన్స్‌లో అన్నీ వినిపించేవి.

అవనిగడ్డ నుంచి ఒకాయన రికార్డింగు పంపాడు. బాబాయిగారు విని, “చైను వదులైందంతే. బిగించి నడుపుకో బాబూ” అని కెమెరాలో చెప్పారు. అదే రికార్డింగులో, చైను గలగల అడుగున, దబ్ దబ్‌మని ఇంకో దెబ్బ నాకు వినపడింది. రోకలి పోటులా ఉంది. నోటిదాకా వచ్చింది మాట. కానీ నలభై ఏళ్లు బండి నడిపిన మనిషి, నిన్నగాక మొన్న క్లచ్ పట్టిన దాన్ని నేను. పెద్దాయన చెప్పాక, అదీ కెమెరా ముందు, కాదనడమేమిటని మింగేశాను. వీడియో పెట్టింది కూడా నేనే.

మూడోరోజు పులిగడ్డ వంతెన దాటుతుండగా ఆ బండి కనెక్టింగ్ రాడ్ పోయి ఇంజన్ పట్టేసింది. వెనక చక్రం తిరగడం మానేసింది. భార్యాభర్తలిద్దరూ పడ్డారు. ఆవిడ మణికట్టు విరిగింది. అతను తిట్టలేదు, ఫోన్ చేసి మెల్లగా చెప్పాడు. అదే ఎక్కువ బాధపెట్టింది. నేను కాగితం మీద రాసి చూపిస్తే చదువుకుని, బాబాయిగారు బల్ల మీద అలాగే కూలబడిపోయారు. ఆయన మొహం చూడలేక నిజం చెప్పేశాను.

“నాకు వినపడింది బాబాయిగారూ. ఆ దెబ్బ నాకప్పుడే వినపడింది.”

ఆయన నా పెదాలనే చూస్తున్నారు. నా మీద కోపగించుకోవడం అదే మొదలు, అదే ఆఖరు.

“వినపడీ ఊరుకున్నావా? నాకు చెవుల్లేవు. నీకు నోరు లేదా?”

“మీరు పెద్దవారు కదా అని…”

“నా పెద్దరికం ఆవిడ చేతికి కట్టు కడుతుందా?”

నేను గట్టిగా ఏడ్చాను. ఆయన ఓదార్చలేదు. హెల్మెట్ తీసుకుని “పద” అన్నారు. అవనిగడ్డ వెళ్లి, ఆవిడ మంచం పక్కన కూర్చుని, వాళ్ల ఎదురుగానే వీడియో తీయమన్నారు. “నాకు చెవులు పోయాయి. సిగ్గుపడి దాచాను. నా మాట నమ్మి వీళ్లు దెబ్బ తిన్నారు. తప్పు నాది” అన్నారందులో. నా తప్పు గురించి ఒక్క మాట అనలేదు. అది నేనే చెప్పాలని ఎదురుచూశారని నాకు తర్వాత తట్టింది. తర్వాతి వీడియోలో కెమెరా నా వైపు తిప్పుకుని, వినపడీ ఊరుకున్నానని నేనే చెప్పాను.

ఇక ఎవరూ చూడరనుకున్నాం. కొందరు వెళ్లిపోయారు, చాలామంది ఉన్నారు. పద్ధతి మార్చాం. నేను వినాలి, మాటల్లో చెప్పాలి, ఆయన ఆలోచించాలి. చప్పుడుని మాటల్లో పెట్టడం ఎంత కష్టమో అప్పుడు తెలిసింది. ఆయనకి తన అచ్చుల బల్ల భాషలోనే చెప్పాలి. “అచ్చు నిండుగా పడ్డట్టుందా, అంచు ముందు తగిలినట్టుందా?” “కొత్త అచ్చా, అరిగిందా?” “తడి బట్టా, పొడి బట్టా?” నేను తలూపితే ఒప్పుకునేవారు కాదు. “నాకు నచ్చే జవాబు కాదమ్మా, నీకు వినపడింది చెప్పు” అని మళ్లీ అడిగేవారు. ఆఖరి నెలల్లో ఒకసారి ఆయన వాల్వు అంటే నేను కాదన్నాను. విప్పి చూస్తే నాదే నిజమైంది. వీధంతా వినపడేలా నవ్వారు.

మొన్న షెడ్డులో అచ్చు చేతిలో పట్టుకుని ఇదంతా తలుచుకుంటుంటే, పక్కన ఇంకో బండి స్టార్టయింది. భార్యని వెనక కూర్చోబెట్టుకుని ఒకాయన కైకలూరు బయల్దేరుతున్నాడు. మెకానిక్ తెల్లజుట్టు పెద్దాయన. “ఏం లేదండీ, చైను గలగల. వెళ్లిరండి” అంటున్నాడు. నాకు అడుగున దబ్ దబ్ వినపడింది.

పెద్దవాళ్ల మాట కాదనాలంటే ఇప్పటికీ వెనకాడతాను, అబద్ధం ఎందుకు. అయినా ముందుకెళ్లాను. “ఒక్క నిమిషం ఆగండి. లోపల ఇంకోటి ఉందండీ.”

“ముప్పై ఏళ్ల సర్వీసు మేడమ్ నాది” అన్నాడు మెకానిక్, చిరాగ్గా.

“కాదనడం లేదండీ. ఇది చెవి వెనక పెట్టుకుని ఒక్కసారి వినండి” అని మామిడిపిందె అచ్చు ఆయన చేతిలో పెట్టాను. ఆయన నన్నోసారి, దాన్నోసారి చూసి, వంగి ఇంజన్‌కి ఆనించాడు. తర్వాత నిటారుగా నిలబడి, బండాయన వైపు తిరిగి, “అమ్మగార్ని దించండి సార్” అన్నాడు.