పన్నెండుకీ ఆరుకీ మధ్య దారం

ఏడో తరగతి రెండుసార్లు చదివాను. కూడితే పద్నాలుగు, ఆ లెక్కన నేను డిగ్రీ మధ్యలో ఆపినవాణ్ణి. బొంబాయి కామాటిపురలో ఆంప్లిఫయర్లు బాగుచేసే ఉస్తాద్ దగ్గరికి పనికోసం వెళ్లినప్పుడూ ఇదే మాట అన్నాను. ఆయన నవ్వలేదు.

ఎనభైల మొదట్లో సంగతి. ఆ పని దొరక్కపోతే మేస్త్రీ అయిన మా నాయిన వెంట తట్ట మోయాల్సిందే. ఉస్తాద్ పెట్టే పరీక్ష ఒకటే: మీటర్ పెట్టకముందే ఓల్టులు ఎన్నో చెప్పాలి. బల్లమీద రెండు బ్యాటరీలు, ఒకటి పన్నెండు ఓల్టులది, ఒకటి ఆరుది. రెండింటి మైనస్‌లూ ఒకే తీగకు కలిపాడు. ప్లస్‌ల మధ్య వరసగా కరెంటుకు అడ్డుపడే రెసిస్టర్లు రెండు: పన్నెండు వైపు వంద ఓములది, ఆరు వైపు రెండొందలది. మైనస్ తీగ నుంచి కొలిస్తే, ఆ రెండూ కలిసేచోట ఎంత?

పద్దెనిమిది అన్నాను. ఆయన మీటర్‌ను పెట్టెలో పెట్టేసి, రేపు ఇంకొక్కసారి చెప్పు, తప్పితే మళ్లీ రావద్దన్నాడు.

సాయంత్రం మేముండే వరసగదుల చాల్ వరండాలో సుద్దతో బొమ్మ గీసి నాయినకు చూపించాను. వేలిముద్ర వేసే మనిషి, చాలాసేపు చూశాడు.

"రెండిటి కింది కొసలు ఒక్క తీగ మీదనే ఉన్నయా?"

"ఉన్నయి."

"అంటే రెండూ ఒక్క నేల మీదనే నిలవడ్డయి. మరి దాని నెత్తిమీదికి దీన్ని ఎందుకెక్కిచ్చినవ్‌రా?"

లేచి సంచిలోంచి దారం తీశాడు. నేలనుంచి పన్నెండు అంగుళాల ఎత్తున గోడకు ఒక మేకు, మూడు గజాల అవతల ఆరంగుళాల ఎత్తున ఇంకొకటి కొట్టి, దారం బిగించాడు. వందకు ఒక గజం, రెండొందలకు రెండు. పక్కగది అత్త బిందెతో పోతూ, వరండా కొలిచి అమ్ముతున్నారా అని అడిగింది. పై మేకునుంచి గజం దూరాన, నేలనుంచి దారం ఎత్తు టేపుతో చూడమన్నాడు నాయిన. పది.

మర్నాడు పది, పది అని జపిస్తూ వెళితే, ఉస్తాద్ రెసిస్టర్లను అటుదిటు మార్చి కూర్చున్నాడు. కళ్లు మూసుకుని నాయిన దారం వెంట పై మేకునుంచి ఈసారి రెండు గజాలు నడిచాను. ఎనిమిది అన్నాను. అప్పుడు మీటర్ చేతికిచ్చాడు. ముల్లు ఎనిమిది దగ్గర నిలబడింది. రేపటినుంచి రమ్మన్నాడు.

ఆ తర్వాత విప్పిన ప్రతి ఆంప్లిఫయర్‌లోనూ ముందు నేల ఎక్కడుందో చూసుకున్నాను. నేను తిన్న అన్నమంతా ఆ దారం పెట్టిందే. పని దొరికిన ఆ సాయంత్రం నాయిన కాళ్లకు దండం పెట్టాలనిపించింది. సిగ్గేసి వేళాకోళం చేశాను.

"నాయినా, నువ్వు గూడ దుకాణానికి రా. మనిద్దరి తెలివి కూడితే ఒక ఇంజనీరైతడు."

దారం ఉండచుడుతూ తలెత్తకుండానే అన్నాడు:

"మల్ల కూడవడితివా? నిన్న పద్దెనిమిది గట్లనే వచ్చె గదరా."