సుమియే ఎడమ కన్ను

షికోకు కొండల్లోని ఆ ఇరుకు దారి మీద సుమియే నలభై ఆరేళ్ళుగా బుల్లి ట్రక్కు తోలుతోంది. టీ ఆకు బస్తాలు, కట్టెలు, నొప్పులు పడుతున్న గర్భిణులు, అందరినీ అన్నిటినీ కిందికి దించింది ఆమే. బండి మీద గీత పడనివ్వలేదని డెబ్బై ఆరేళ్ళ ముసలమ్మకు బోలెడంత గర్వం. ఉండదా మరి! ఒకపక్క దేవదారు చెట్ల కొండ, ఇంకోపక్క పొగమంచు నిండిన లోయ, మధ్యలో ఒక్క బండి పట్టేంత దారి.

ఇప్పుడు దించేది మొగుణ్ణొక్కణ్ణే. కత్సుమికి మూత్రపిండాలు పాడయ్యాయి. వారానికి మూడుసార్లు కింద పట్నంలో డయాలసిస్. ఊరికి బస్సు ఆపేసి ఆరేళ్ళయింది. సుమియే తోలలేని రోజున అతను ఇల్లు వదిలి పట్నంలోని వృద్ధాశ్రమంలో చేరాల్సిందే. అందుకే ఆమె ఎడమ కన్ను మసకబారిన సంగతి ఇద్దరూ కడుపులో దాచుకున్నారు. ఎడమ సీట్లో కూర్చుని అతను ఆ వైపు చూసి చెబుతాడు, ఆమె తిప్పుతుంది.

ఆ బుధవారం పొద్దున తుంపర పడుతోంది. మలుపులో పెద్ద కారొకటి ఎదురొచ్చింది. శరత్కాలంలో ఎర్రబడిన ఆకులు చూడ్డానికొచ్చిన పట్నం కుర్రాడు స్టీరింగు పట్టుకుని బిగుసుకుపోయాడు. తప్పుకునే చోటు అతని వెనక ఇరవై అడుగుల్లోనే ఉంది. సుమియే అయితే రెండు మలుపులు వెనక్కి పోవాలి.

“వాణ్ణే పోనీవే వెనక్కి,” అన్నాడు కత్సుమి.

“వాడి మొహం చూడు, ఏడ్చేలా ఉన్నాడు. దారి తెలిసినవాళ్ళం మనమే పోవాలి, ఎప్పుడూ అంతేగా. నువ్వు ఎడమ చెప్పు.”

కత్సుమి తల బయట పెట్టాడు. “రానీ... రానీ...” ఒక మలుపు దాటింది. కారు వాళ్ళ వెంటే మెల్లగా పైకొస్తోంది. రెండో మలుపులో అతని గొంతు ఆగిపోయింది. ఆపమనలేదు గనక దారి ఉందనుకుంది సుమియే. వెనక చక్రం దభీమని కొండవార కాలువలో పడింది. ఇరుసు విరిగింది.

“కాలువ కనబడలేదా ఏంటయ్యా నీకు?”

“కనబడింది.”

“మరి చెప్పవేం?”

“సోమవారం కుడి చక్రం సగం లోయ మీదికి పోయింది సుమియే. అది నీ మంచి కన్ను వైపే. అయినా నువ్వు చూళ్ళేదు.” అతను ఒళ్ళోని అన్నం ముద్దల మూట సర్దుకున్నాడు. “ఇది కాలువేగా, లోయ కాదు. ఆశ్రమంలో మంచం ఖాళీ అయిందట. వస్తానని నర్సుకి చెప్పేశా.”

“ఎవర్నడిగి చెప్పావు?”

“అడిగితే ఒప్పుకుంటావా?”

ఆమె అతని భుజం మీద పిడికిలితో కొట్టింది. మళ్ళీ కొట్టింది. తర్వాత గట్టిగా ఏడ్చింది.

కుర్రాడు పరుగెత్తుకొచ్చి, తప్పు తనదేనని వంగి వంగి దణ్ణాలు పెట్టి, ఆస్పత్రికి తీసుకెళ్తానన్నాడు. ట్రక్కు దారికి అడ్డం. ఇరవై అడుగులు వెనక్కి పోలేనివాడు ఇప్పుడు రెండు మలుపులూ వెనక్కే దిగాలి. దిగాడు కూడా, నత్తలాగా. వెనక సీట్లో సుమియే కుడికాలు అక్కడ లేని బ్రేకును తొక్కుతూనే ఉంది. కత్సుమి ఆ మోకాలి మీద చెయ్యి వేసి, పట్నం వచ్చేదాకా తియ్యలేదు.