మైకు మొయిన్ అడిగిన ప్రశ్న

1999లో నేను జడ్చర్ల శాఖా గ్రంథాలయంలో లైబ్రేరియన్‌ని. పొద్దున పేపర్ల కోసం వచ్చే పెద్దమనుషులు, మధ్యాహ్నం ఫ్యాను కింద నిద్రపోయేవాళ్లు, సాయంత్రం ఉద్యోగ ప్రకటనలు రాసుకునే నిరుద్యోగులు, ఇదీ మా లోకం. అలాంటి చోటికి ఒక కంప్యూటరూ, దాన్ని ఫోన్ లైనుకు కలిపే మోడెమ్ అనే చిన్న డబ్బా వచ్చాయి. ఆన్‌లైన్ రిఫరెన్స్ సర్వీసు అని పేరు. పాఠకులు ఏ సందేహం అడిగినా ఈమెయిల్‌లో హైదరాబాదులోని పెద్ద లైబ్రరీకి పంపుతాం. అక్కడివాళ్లు పుస్తకాలు వెతికి జవాబు పంపుతారు.

మిషను దింపిన రోజే మా అధికారి ఒక మాట చెవిన వేశారు. ఎండాకాలం అయ్యేలోపు జనం వాడకపోతే అది వేరే ఊరికి పోతుంది. ఆ రోజు నుంచి నాకు కంటి మీద కునుకు లేదు. గోడలకు పోస్టర్లు అంటించాను, సినిమా హాల్లో స్లైడు వేయించాను. వచ్చినవాళ్లు కంప్యూటరును దూరం నుంచి ఒక చూపు చూసి, పేపరు చదువుకుని వెళ్లిపోయేవారు. అడిగే నాథుడు లేడు.

ఇక మిగిలింది మైకు. జడ్చర్లలో మైకంటే మొయిన్ భాయే. చీరల సేలైనా, తప్పిపోయిన మేకైనా, ఎవరైనా పోయిన కబురైనా, ఆటోకి మైకు కట్టి ఊరంతా తిరిగి చెప్పేది ఆయనే. కబురు పంపితే వచ్చాడు. ఏం చెప్పాలో రాసిచ్చాను. ఊరి సంత జరిగే అంగడి రోజున చెప్తానని కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు గానీ కుర్చీలోంచి లేవలేదు.

"మేడం, గీ మిషను ఏదడిగినా చెప్తదా?"

"పుస్తకాలల్ల ఉన్నదైతే చెప్తది భాయ్."

పేపర్లు చదివేవాళ్ల వైపు చూసి గొంతు తగ్గించాడు. అప్పుడు గమనించాను, ఆ గొంతులో బొంగురు.

"గొంతు పోతాంది మేడం. రంజాన్ నుంచి గిట్లనే ఉంది. మా అబ్బా గొంతు కేన్సర్‌తోనే పోయిండు. నాక్కూడ గదేనా?"

"దవాఖానకు పోలేదా?"

"పోతే ఊరంత తెలుస్తది. మొయిన్ గొంతు పోయిందంటే రేపటి నుంచి నాకు పని ఎవరిస్తరు? నా పేరు మాత్రం రాయకుండ్రి."

రిఫరెన్స్ పనిలో ఒక పద్ధతి ఉంది. మేం వైద్యం చెప్పం. ఏ పుస్తకంలో ఏముందో చెప్పి ఊరుకుంటాం. పేరు లేకుండానే ప్రశ్న పంపాను. అది మా మొట్టమొదటి ప్రశ్న. చెడ్డ జవాబు వస్తే ఆయన ముఖం చూస్తూ ఎలా చదవాలా అని భయం పట్టుకుంది.

ఈలోగా అధికారి తనిఖీకి వచ్చారు. ఒక ప్రశ్న వెళ్లిందని తెలిసి సంబరపడ్డారు.

"ఎవరడిగారు? ఆయన పేరు, ఫొటో వేసి కరపత్రాలు కొట్టిద్దాం. ప్రచారమంటే అదీ."

"పేరు చెప్పొద్దన్నరు సార్."

ఆయన నవ్వు ఆగిపోయింది. "అంటే ఎవరూ అడగలేదు. మీరే ఒకటి తయారుచేసి పంపారన్నమాట."

పేరు నోటిదాకా వచ్చింది. ఒక్క మాట చెబితే మిషను ఉంటుంది, నా మీద నింద పోతుంది. కిటికీలోంచి దూరంగా మొయిన్ భాయ్ మైకు వినిపిస్తోంది, ఏదో చెప్పుల దుకాణం గురించి, మధ్యమధ్య దగ్గుతో. ఆ పేరు మింగేశాను. మిషను తీసుకెళ్లే ఏర్పాటు చూస్తానని ఆయన విసురుగా వెళ్లిపోయారు. పేపర్లు చదివేవాళ్లందరూ విన్నారు. సాయంత్రానికి ఆ సంగతి టీ కొట్టుదాకా చేరి ఉంటుంది. నాకు ఏడుపొచ్చింది, కోపం వచ్చింది, ఎవరి మీదో నాకే తెలియదు.

మర్నాడు జవాబు వచ్చింది. వెనక వరండాలో మెల్లగా చదివి వినిపించాను. వారాల తరబడి తగ్గని బొంగురు ఉంటే డాక్టరు గొంతు లోపలికి చూసే తీరాలి. గట్టిగా అరిచే పనివాళ్లకు గొంతులో చిన్న కాయల్లాంటివి రావడం మామూలే, అవి కేన్సర్ కావు. కానీ చూడకుండా ఏదని చెప్పలేం.

"హైదరాబాద్ పో భాయ్. ఆడ నీ గొంతు ఎవరికెరుక?" అన్నాను. అప్పుడు కొంచెం నవ్వాడు.

వెళ్లి వచ్చాడు. కాయలే. కొన్నాళ్లు ఒక్క మాటా మాట్లాడొద్దన్నారని సైగలతోనే చెప్పాడు. గుండె మీద బరువు దిగింది. మరుక్షణమే ఇక నా ప్రచారం ఎవరు చేస్తారన్న బెంగ మొదలైంది. అంత స్వార్థానికి నన్ను నేనే తిట్టుకున్నాను.

అంగడి రోజున బజారులో మైకు మోగింది. మొయిన్ గొంతే. మాట్లాడొద్దన్నారు కదా అని కంగారుగా బయటికి పరుగెత్తాను. ఆటోలో ఆయన నోరు మూసుకునే కూర్చున్నాడు, ఒళ్లో టేప్‌రికార్డరు తిరుగుతోంది. హైదరాబాద్ బస్సు ఎక్కేముందు, తిరిగొచ్చేసరికి గొంతు ఉంటుందో లేదోనని క్యాసెట్టులో నింపి పెట్టుకున్నాడని తర్వాత తెలిసింది. నేను రాసిచ్చిందంతా అందులో ఉంది. చివర్లో నేను రాయనిది కూడా ఉంది.

"ఏ ఫికర్ ఉన్నా, ఏ అనుమానం ఉన్నా పోయి అడుగుండ్రి. అడిగినోళ్ల పేరు మేడం ఎవ్వరికీ చెప్పదు, పెద్ద సారు గద్దించినా చెప్పదు. నేనడిగిన. నాకెరుక."

ఏ పేరు బయటపడకూడదని అంత భయపడ్డాడో, దాన్ని ఆయనే అంగడి మధ్య చెప్పేశాడు.

మర్నాడు ఒకావిడ వచ్చి, జనం పలచబడేదాకా గోడ పక్కన నిలబడింది. "పేరు రాస్తరా అమ్మా?" అని అడిగింది. రాయనన్నాక కూర్చుంది. ఆ వెనక ఇంకా చాలామంది వచ్చారు. మిషను ఊరు దాటలేదు.

పోస్టర్ల నిండా మిషను గొప్పలే రాశాను. పేరు బయటికి రాదని చెప్పాలన్నది నాకు తట్టనే లేదు. ఆ తర్వాత ఏ ఊరికి బదిలీ అయినా, లైబ్రరీ గురించి ఏ ప్రకటన రాసినా, ఆ మాటే మొదటి వరుసలో రాశాను.