వేరు పొయ్యి

మా ఊళ్లో ఒక ఇల్లు రెండయిందని చెప్పడానికి పొయ్యి చూపిస్తే చాలు. గోడ కట్టక్కర్లేదు, గుమ్మం మార్చక్కర్లేదు. అన్నదమ్ములు ఒకే పెరట్లో తిరిగినా, ఒకే బోరు నీళ్లు తాగినా, పొయ్యిలు రెండయితే వాళ్లు వేరుపడినట్టే. ఈ సంగతి ఊరికి ఎప్పటినుంచో తెలుసు. సర్కారుకీ తెలుసని మా ఆయన పోయాక నాకు అర్థమైంది.

ఆయన కిడ్నీ జబ్బుతో మూడేళ్లు మంచం పట్టి పోయాడు. మా వైపు ఈ జబ్బుతో పోయిన మగవాళ్లు ప్రతి వీధిలోనూ ఉన్నారు కాబట్టి ఎలా వచ్చిందని మమ్మల్ని ఎవరూ అడగలేదు. కూతురికి అప్పటికే పెళ్లయింది. ఇంట్లో నేనూ మా అత్తా మిగిలాం.

నేను అక్షరాలు నేర్చుకున్నది నలభై దాటాక. పొదుపు సంఘం వాళ్లు బడి వరండాలో సాయంత్రాలు చెప్పించారు. కూడబలుక్కుని చదవడం వచ్చింది కానీ పెద్ద కాగితాలు చూస్తే భయం పోలేదు. మొదటి నుంచి చివరి దాకా నాకు నేనుగా చదివిన మొదటి సర్కారు కాగితం మా ఆయన మరణ ధ్రువపత్రం. ఆయన పేరు దగ్గర నా వేలు చాలాసేపు ఆగింది.

ఆయన పోయిన ఏడాదికి ఆ కాగితం పట్టుకుని వితంతు పెన్షన్ కోసం మా ఊరి సచివాలయానికి వెళ్లాను. అక్కడ పెన్షన్ల పని చూసే అమ్మాయి వయసులో నా కూతురికంటే చిన్నది. కంప్యూటర్లో చూసి, మా బియ్యం కార్డు మీద మా అత్తకి వృద్ధాప్య పెన్షన్ వస్తోందని, ఒక కార్డు మీద రెండోది సిస్టమ్ తీసుకోదని చెప్పింది. నేను లేవకుండా కూర్చున్నాను. కాసేపటికి ఆ అమ్మాయి గొంతు తగ్గించి, మీరిద్దరూ నిజంగా వేరుగా ఉంటుంటే కార్డు విడగొట్టమని అర్జీ పెట్టుకోవచ్చంది. నిజంగా అన్న మాట రెండుసార్లు అంది.

ఆ నిబంధన పెట్టినవాళ్లని నేను తిట్టుకోలేదు. ఒక కుండలో వండుకుని తినేవాళ్లు ఒక కుటుంబం, ఒక కుటుంబానికి ఒక సాయం అనుకుని ఉంటారు. అందులో తప్పేముంది? కానీ ఆ ఒక కుండ చుట్టూ కూర్చున్నవాళ్లలో ఎవరి చెయ్యి ముందు, ఎవరి చెయ్యి వెనక అన్నది కార్డులో ఉండదు. పెన్షన్ అత్తది. ఉన్న కాస్త చేనూ కౌలుకి ఇచ్చేశాం. ఉపాధి పని వేసవిలోనే దొరుకుతుంది. ఊడ్పులకి వెళ్దామంటే నా మోకాళ్లు వంగడం మానేశాయి. సబ్బు అయిపోయిందని అత్తతో చెప్పడానికి నాకు రెండు రోజులు పట్టేది. ఆవిడ ఒక్కసారి కూడా కాదనలేదు. అయినా అడగడం అడగడమే. నాకంటూ నెల నెలా వచ్చేది ఒకటి ఉంటే ఆవిడ ముఖం చూడకుండా సబ్బు కొనుక్కోవచ్చు. నాకు కావలసింది అంతే.

ఇంటికి వచ్చి సంగతి చెప్పాను. అత్త చేటలో పెసలు చెరుగుతోంది. చెయ్యి ఆపలేదు.

"మనం ఏరు పడిపోయామని రాయించాలేటి?"

"కాగితం మీదే అత్తా."

"ఊరు కాగితం సదవదే. పొయ్యి సూస్తాది."

ఆ తర్వాత రెండు రోజులు ఆ మాట ఎత్తలేదు. మూడో రోజు పొద్దున్న ఉతికిన చీర కట్టుకుని గుమ్మంలో నిలబడింది. పద పోదాం అంది.

అర్జీలు మండలం సెంటర్లో నెట్ షాపు అతను రాసిపెడతాడు. మా ఇద్దరినీ చూసి ఏమీ అడక్కుండానే కంప్యూటర్లోంచి ఒక కాగితం తీసి ముద్రించాడు. పేర్లు, కార్డు నంబరు మాత్రం కొత్తవి. మిగతాదంతా ముందే ఉంది. అత్త వేలిముద్ర కోసం ఇంకు డబ్బా ముందుకి తోశాడు.

నేను కాగితం తీసుకుని చదవడం మొదలుపెట్టాను. నాకు నెమ్మది. వెనక ఇద్దరు నిలబడ్డారు, అతను కుర్చీలో అటూ ఇటూ కదులుతున్నాడు. నాలుగో వరుసలో ఇలా ఉంది: నా కోడలు నాకు తిండి పెట్టకుండా, సరిగా చూడకుండా బాధలు పెడుతున్నందున నేను వేరుగా నివసిస్తున్నాను. రెండోసారి చదివాను. అదే.

ఇది తీసెయ్యమన్నాను. అందరూ ఇదే రాయిస్తారనీ, కోడలు చూడదనో కొడుకు కొడతాడనో కారణం లేకపోతే అర్జీ నిలబడదనీ, పైన ఎవరూ చదవరనీ అతను చెప్పాడు. అతను చెడ్డవాడు కాదు. రోజుకి ఎంతమంది కోడళ్లని ఇలా రాసి ఉంటాడో, వాళ్లలో ఎంతమందికి తెలుసో అనిపించింది నాకు. అక్షరాలు రాకముందు నేనైతే వేలు ముంచి ఇచ్చేసేదాన్ని. పనయిందని సంతోషంగా బస్సెక్కేదాన్ని కూడా.

అత్త నా చెయ్యి పట్టుకుంది. "ఏటి రాసినాడు? సదువు."

చదివాను. షాపులో అందరూ వింటుండగా ఆ వాక్యం నా నోటితోనే చదవాల్సి వచ్చింది. అత్త ఇంకు డబ్బా మీదకి చాచిన వేలు వెనక్కి తీసుకుంది.

"బావూ, మూడేళ్లు నా కొడుకుని ఎత్తి కూకోబెట్టింది, పడుకోబెట్టింది ఇదే. ఈ కాగితం మీద నేను ఏలు ఎయ్యను."

అతను నా వైపు చూశాడు. వేరుగా వండుకుంటున్నామని మాత్రం ఉంచి మిగతాది కొట్టెయ్యమన్నాను. అలా చేస్తే విచారణకి ఇంటికి వస్తారని, పొయ్యిలు ఫోటో తీస్తారని, ఇద్దరినీ అడుగుతారని, అప్పుడు తేడా వస్తే రెండు పెన్షన్లూ ఇబ్బందిలో పడొచ్చని హెచ్చరించాడు. అత్త అప్పటికే వేలు ముంచేసింది.

తిరుగు బస్సులో నాకు గుబులు పట్టుకుంది. నా పెన్షన్ రాకపోతే రాకపోయింది. ఆవిడది ఆగిపోతే? ఆవిడ మాత్రం కిటికీలోంచి చేలు చూస్తూ కూర్చుంది.

మర్నాడు లేచేసరికి అత్త గెడ్డ ఒడ్డు నుంచి తట్టతో మట్టి తెచ్చుకుంది. ఊక కలిపి, కాలితో తొక్కి, వెనక పంచలో పొయ్యి వేసింది. ఫోటో కోసం మూడు ఇటుకలు పెడితే సరిపోతుందన్నాను. విననట్టే అంచులు నున్నగా మెత్తింది. పొయ్యి ఆరాక పేడతో అలికింది. అటక మీంచి తన పాత కుండ దింపింది. గోగు పుల్లలు కట్టగట్టి పక్కన పెట్టుకుంది. లోపల నాకు గ్యాస్ పొయ్యి, బయట ఆవిడకి పుల్లల పొయ్యి.

విచారణ వచ్చే దాకా అలా ఉంచుతుందనుకున్నాను. ఆ రోజే వండటం మొదలుపెట్టింది. రాగి పిండితో చోడి అంబలి కాచుకుంది. మర్నాడు చేపలు అమ్మే మనిషి దగ్గర ఎండు కవ్వళ్లు తీసుకుని చింతపండు పులుసు పెట్టుకుంది. ఆ వాసన ఇల్లంతా పట్టింది. నేను లోపల వండిన కూర గిన్నెలో పెట్టి తీసుకెళ్తే, నాకొద్దులే తినెయ్యి అంది. కోపంగా అనలేదు. కోపంగా అని ఉంటే బాగుండేది. ఆవిడ కోపం నాకు అలవాటే.

పక్కింటి వదిన పొగ చూసి గోడ మీంచి తొంగిచూసింది. "ఏటి వదినా, పెన్షన్ కోసం ఏరు పడ్డారా, ఏరు పడ్డాక పెన్షన్ గుర్తొచ్చిందా?" అని నవ్వింది. నేనూ నవ్వాను. నవ్వి లోపలికి వచ్చి కూర్చున్నాను. ఆ షాపులో కొట్టేయించిన వాక్యం నా ఇంట్లో నిజమవుతోందేమో అనిపించింది. నేను తిండి పెట్టడం లేదు. ఆవిడ తినడం లేదు. చూసేవాళ్లకి ఈ రెంటికీ తేడా ఏముంది? నేనేం తప్పు చేశానో అడుగుదామని ఒకటి రెండుసార్లు పంచ దాకా వెళ్లాను. ఆవిడ అంబలి తాగుతోంది, చెయ్యి నాక్కుంటోంది. ఏదైనా అలా ఇష్టంగా తినగా నేను ఏళ్లుగా చూడలేదు. అడగకుండా వచ్చేశాను.

పది రోజులకి సచివాలయం అమ్మాయి వచ్చింది. ఫోను తీసి ముందు గ్యాస్ పొయ్యి, తర్వాత పంచలో పొయ్యి ఫోటోలు తీసింది. పొయ్యిలో బూడిద వెచ్చగా ఉంది. అక్కడ నటించడానికి మాకేమీ మిగల్లేదు. తర్వాత నన్ను లోపల ఉండమని, పంచలోనే అత్తని అడగడం మొదలుపెట్టింది. లోపల అంటే గుమ్మం ఇవతలే. అన్నీ వినిపిస్తూనే ఉన్నాయి.

కోడలు చూడదా అని అడిగింది ఆ అమ్మాయి. సూస్తాది, బాగా సూస్తాది అంది అత్త. గొడవలున్నాయా అంటే ఏ గొడవలూ నేవు అంది. మరి వేరుగా ఎందుకు వండుకుంటున్నారు మామ్మా, నేను ఇక్కడ ఏదో ఒకటి రాయాలి కదా అంది పాపం ఆ పిల్ల. నేను గుమ్మం పట్టుకుని నిలబడ్డాను. ఇప్పుడు ఏమంటే మా రెండూ పోతాయో నాకు తెలియడం లేదు.

"దాని వంట నేను తిననేనమ్మా," అంది అత్త.

"బాగోదా?"

"బాగోడం కాదు. నా కొడుక్కి డాట్రు ఉప్పు తినొద్దన్నాడు, పులుపు తినొద్దన్నాడు. ఆడు పోయి ఏడాది దాటిపోనాది. ఇది ఇంకా ఆడికే వండుతన్నాది. ఆ ముద్ద నోట్లో ఎట్టుకుంటే నాకు గొంతు దిగదు."

ఆ అమ్మాయి టైపు చేస్తున్న వేళ్లు ఆగాయి. 

నాకు ఆ సంగతి నిజంగా తెలియదు. మూడేళ్లు ఉప్పు చిటికెడు వేసి వేసి నా చేతికి ఆ కొలత పట్టేసింది. చింతపండు మానేశాం, టమాటా మానేశాం, పచ్చడి జాడీలు కూతురికి పంపేశాను. ఎండుచేప గడప దాటనివ్వలేదు. ఆయన తినలేనివి ఆయన ముందు ఎలా తింటామని ముగ్గురం అదే తిన్నాం. ఆయన పోయాక కూడా పొద్దున్నే లేచి అదే చప్పిడి పప్పు, అదే సొరకాయ వండుతున్నాను. రుచి లేదని నాకూ తెలియలేదు. రోగి మంచం తీసేశాం, మందుల సంచి తీసేశాం. వంట మాత్రం ఆయనకే వండుతూ వచ్చాను. ఆయన తల్లికి రోజుకి రెండు పూటలా ఆ కూడే పెట్టాను. ఆవిడ ఏడాది పాటు నన్నేమీ అనకుండా తింది.

ఆ అమ్మాయి లోపలికి వచ్చి నన్ను సంతకం చెయ్యమంది. నా పేరు పూర్తిగా రాశాను. వేరుగా వంట చేసుకుంటున్నట్టు రాశానని, అది తన కళ్లతో చూసిందే కాబట్టి ఇబ్బంది ఉండదని చెప్పింది. వెళ్తూ వెళ్తూ గుమ్మంలో వెనక్కి తిరిగి ఏదో అనబోయి, చెప్పులేసుకుని వెళ్లిపోయింది.

ఆ రోజంతా నేను పంచ వైపు వెళ్లలేదు. సాయంత్రం ఆవిడే వచ్చి నా పక్కన కూర్చుంది.

"నువ్వు వింతన్నావని తెలుసు," అంది. "తెలిసే సెప్పినాను. ఎదర కూకుని సెప్పడానికి నాకు నోరు రానేదే."

నేను ఏడ్చాను. ఆవిడ ఏడవలేదు. నా వీపు మీద చెయ్యి వేసి, దూరంగా ఎవరో ట్రాక్టరు తోలుకుపోతుంటే అటు చూస్తూ కూర్చుంది.

కార్డులు రెండయ్యాయి. కొంతకాలానికి నా పెన్షన్ మంజూరైంది. ఒకటో తారీఖు పొద్దున్న ఆ అమ్మాయి ముందు పంచలోకి వెళ్లి అత్తకి ఇచ్చి, ఆ తర్వాత లోపలికి వచ్చి నాకు ఇచ్చింది. ఒకే గుమ్మం, రెండు ఇళ్లు. పని అయిపోయింది కదా, ఇంక లోపలికి వచ్చెయ్యి, నీకు కావలసినట్టే వండుతానన్నాను అత్తతో. అక్కర్లేదంది. పెళ్లయి వచ్చింది మొదలు తన అత్తకి, మావకి, కొడుక్కి ఏది కావాలో అదే వండాననీ, తనకి ఏది కావాలో ఈ పొయ్యి వేసుకున్నాకే తెలుస్తోందనీ చెప్పింది. నవ్వుతూనే చెప్పింది. నాకు మొదట చిన్నతనంగా అనిపించినా, ఆలోచిస్తే ఇందులో నా మీద నేరమేమీ లేదు. కాగితంలో మేం రాయించింది మొదట్లో సగం అబద్ధమే. పొయ్యి మీద రోజూ అంబలి కాగుతుండగా ఆ సగం కూడా నిజమైపోయింది. సర్కారుని మోసం చేశానా అని అప్పుడప్పుడు నన్ను నేను అడుక్కుంటాను. లేదని గట్టిగా చెప్పలేను. అవునని కూడా చెప్పలేను.

ఆ వారం సంతకి వెళ్లి కూరగాయల ముందు నిలబడ్డాను. చెయ్యి అలవాటుగా సొరకాయ మీదకి వెళ్లింది. వెనక్కి తీసుకున్నాను. నాకు ఏది ఇష్టమో గుర్తు తెచ్చుకోవడానికి పెళ్లికి ముందు దాకా వెళ్లాల్సి వచ్చింది. పక్క గంపలో టమాటాలు ఎర్రగా ఉన్నాయి. ఎంత కావాలని అడిగింది అమ్మే మనిషి. ఒక్క మనిషికి ఎంత కావాలో నాకు తెలియలేదు. కేజీ ఇమ్మన్నాను. ఇంటికొచ్చి చూస్తే చాలా ఎక్కువ. సగం గిన్నెలో పోసి పంచలో పొయ్యి పక్కన పెట్టి వచ్చాను.  అత్త రెండు తీసి కవ్వళ్ల పులుసులో కోసుకుంది.