హుక్కుదా తప్పు, చేతిదా?

నాలుగేళ్లుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. పెద్దదేం కాదు, మూడే మాటలు. ఆ మూడు మాటలు నా నోట వచ్చాక ఒక మంచి మనిషి తన చేతులను తాను నమ్మడం మానేశాడు. వాటిని వెనక్కి తీసుకోవడానికి నాకు మూడేళ్లు గడువు దొరికింది. తీసుకోలేదు.

ఎవరికీ చెప్పలేదు. ఇంట్లో చెప్పలేదు. చర్చిలో మోకాళ్లూనినప్పుడు కూడా ఆ మాట దాకా వచ్చి, పక్కకు తప్పుకుని, పిల్లల చదువుల గురించీ వానల గురించీ ప్రార్థన చేసి లేచేదాన్ని. మీకెందుకు చెబుతున్నానంటే, మీరెవరో నాకు తెలియదు. ముఖం తెలిసిన వాళ్లకైతే ఈపాటికి కాస్త మార్చి, నా తప్పు కాస్త చిన్నది చేసి చెప్పేదాన్ని. ఆ విద్య నాకు బాగా వచ్చు.

తాండూరులో నాకో చిన్న దుకాణం ఉంది. మా నాన్న లారీల మీద కప్పే తాటిపత్రీలు కుట్టేవాడు. ఆయన పోయాక ఆ బరువు మిషను నాకు వచ్చింది. స్కూలు సంచుల జిప్పులు, బండి సీటు కవర్లు, ఇలాంటివి కుట్టుకుంటూ ఉండగా ఒకరోజు వికారాబాద్ నుంచి ఒకాయన కుక్క ఛాతీకి కట్టే బెల్టు పట్టుకొచ్చాడు. అనంతగిరి గుట్టల్లో తిరుగుతుంటే తెగిందట. కుట్టిచ్చాను. ఆయన ఇంకొకరికి చెప్పాడు. ఆ తర్వాత కోట్‌పల్లి ప్రాజెక్టు నీళ్లలో యజమానితో పాటు పడవ ఎక్కే కుక్కల జాకెట్లు కూడా నా దగ్గరికి రావడం మొదలైంది. మొదట నవ్వొచ్చింది, కుక్కకు జాకెట్టేమిటని. తర్వాత గర్వం వచ్చింది. ఈ పని చేసేది ఇటువైపు నేనొక్కదాన్నే అని తెలిసిన గర్వం. ‘నా దగ్గరికి వచ్చిన వస్తువును కాదని వెనక్కి పంపలేదు’ అని కనబడిన వాళ్లందరితో అనేదాన్ని. ఇప్పుడు ఆ మాట తలుచుకుంటే నా మీద నాకే ఒళ్లు మండుతుంది.

ఎల్లయ్య కాకా కరణ్‌కోట దారిలో ఒక ఊరివాడు. డెబ్భై దాటిన మనిషి. బండల గనుల్లో నలభై ఏళ్లు ఉలీ సుత్తీ పట్టాడు. రాయి మీద చేయి ఆనించి, ఎక్కడ కొడితే ఎటు చీలుతుందో చెప్పేవాడని ఆయనతో పనిచేసిన వాళ్లు ఇప్పటికీ అంటారు. భార్య పోయాక కొడుకు, కోడలు సుగుణ దగ్గర ఉండేవాడు. బషీరాబాద్ వైపు గొర్రెలు కాసే ఒక కన్నడం మనిషి ఆయనకు ఒక ముధోల్ జాతి వేటకుక్క పిల్లను ఇచ్చాడు. పొడుగు కాళ్లు, సన్నని నడుము. దాని పరుగు చూసి రాకెట్ అని పేరు పెట్టుకున్నాడు. కదిలేది ఏది కనబడినా దాని వెంట పడుతుంది కాబట్టి, ఛాతీ బెల్టు వేసి, దానికి హుక్కుతో తాడు తగిలించి, తెల్లవారగానే పాత గనుల వైపు తిప్పుకొచ్చేవాడు.

రెండు నెలలకోసారి ఆ బెల్టూ తాడూ నా దగ్గరికి తెచ్చేవాడు. కుక్క కూడా వచ్చేది. వచ్చీ రాగానే నా మోకాళ్లకు ఒళ్లంతా ఆనించి నిలబడేది, తోసినా కదిలేది కాదు. కాకా బల్ల మీద కూర్చుని, అక్కడున్న వాళ్లందరికీ వినబడేలా నన్ను పొగిడేవాడు. నా చేతిలో పడ్డ వస్తువును మళ్లీ చూసుకునే పని లేదనేవాడు. నాకది ఎంత ఇష్టంగా ఉండేదో చెప్పలేను. మా నాన్న బతికుండగా నన్నెప్పుడూ అంత మాట అనలేదు.

ఇక్కడ కొంచెం పని సంగతి చెప్పాలి. హుక్కు లోపల చిన్న స్ప్రింగు ఉంటుంది. నొక్కితే హుక్కు నోటికి అడ్డంగా ఉండే నాలుక తెరుచుకోవాలి, వదిలితే తనంతట తాను మూసుకోవాలి. గనుల దగ్గరి తెల్లదుమ్ము ఆ స్ప్రింగులో దూరి, తడి తగిలితే గట్టిపడుతుంది. కిరసనాయిలులో కడిగి, ఆరబెట్టి, కొవ్వొత్తి రుద్దాలి. మిషను నూనె మాత్రం వేయకూడదు. నూనె వేస్తే ఆ క్షణానికి మెత్తగా ఆడుతుంది కానీ, మరునాటి నుంచి దుమ్మును పట్టి ముద్ద చేస్తుంది. స్ప్రింగు నీరసపడితే ఇక కడగడాలు లేవు, హుక్కు పారేసి కొత్తది వేయాలి. ఇవన్నీ మా నాన్న నాకు నేర్పాడు. తెలియక చేశానని అనుకుంటారేమోనని చెబుతున్నాను. తెలుసు నాకు.

ఆ రోజు పొద్దున కాకా వచ్చేసరికి దుకాణంలో ఇద్దరు ఆడవాళ్లు కూర్చుని ఉన్నారు. ఎప్పటిలాగే వాళ్ల ముందు నన్ను ఆకాశానికెత్తాడు. నేను హుక్కు కడిగి, ఆరబెట్టి, మిషను చాటున నొక్కి చూశాను. ఏడుసార్లు బాగానే మూసుకుంది. ఎనిమిదోసారి నాలుక సగంలో ఆగిపోయింది. వేలితో తోస్తే మూసుకుంది. స్ప్రింగు పని అయిపోయిందని అప్పుడే తెలిసింది. దుకాణంలో కొత్త హుక్కు లేదు, హైదరాబాద్ నుంచి రెండు రోజుల్లో వస్తుంది. ‘కాకా, ఇది ఇక పనికిరాదు, రెండు రోజులు ఆగు’ అంటే సరిపోయేది. ఆయన ఆగేవాడు. ఆయనకు తొందరేమీ లేదు.

మరి ఎందుకు అనలేదు? నాలుగేళ్లుగా నన్ను నేను అడుగుతున్నాను. అప్పుడే నన్ను అంత పొగిడిన మనిషికి, ఆ ఇద్దరూ వింటుండగా, ఇది నాతో కాదు అని చెప్పడం నాకు చిన్నతనం అనిపించింది. అంతే. ఇంతకన్నా పెద్ద కారణం ఏదైనా ఉంటే బాగుండునని వెతికాను, దొరకలేదు. మిషను నూనె ఒక్క చుక్క వేశాను. హుక్కు కటక్కున మూసుకుంది. వాళ్ల ముందు రెండుసార్లు ఆడించి చూపించి, తాడు కాకా చేతికిచ్చాను. వాడే కొద్దీ అదే సర్దుకుంటుందని నాకు నేను చెప్పుకున్నాను. స్ప్రింగు వాడే కొద్దీ సర్దుకోవడం ఎక్కడైనా ఉందా?

నాలుగో రోజు పొద్దున పాత గని అంచున ఒక కుందేలు లేచింది. రాకెట్ తాడును ఒక్క గుంజు గుంజింది. తాడు కాకా చేతిలోనే ఉండిపోయింది. కుక్క కుందేలు వెంట పరుగెత్తి గనిలో పడిపోయింది. నిట్టనిలువు బండ, కింద రాళ్లు. కొడుకూ ఇంకో ఇద్దరూ దిగి పైకి తెచ్చేసరికి ప్రాణం లేదు. కాకా దాన్ని ఒళ్లో పెట్టుకుని మధ్యాహ్నం దాకా లేవలేదట.

తాడు చివర హుక్కు మూసుకునే ఉంది; సగంలో ఆగిన నాలుక బెల్టు జారిపోయాక ఆ విసురుకు మూసుకుని ఉంటుందని నాకు తప్ప ఎవరికీ తెలియదు. కుక్క ఒంటి మీద బెల్టు కూడా ఎక్కడా తెగలేదు. అది చూసి ఇంట్లో అందరూ ఒకటే మాట అన్నారు, ముసలాయన హుక్కు సరిగ్గా పెట్టలేదని.

కుక్క పోయిన మూడో రోజు మధ్యాహ్నం కాకా ఒక్కడే నా దుకాణానికి వచ్చాడు. జరిగింది నేను ముందే విన్నాను. బల్ల మీద కూర్చోలేదు. తాడు నా ముందు పెట్టాడు.

“బిడ్డా, ఒక్క మాట అడుగుత. జర సూసి చెప్పు.”

“చెప్పు కాకా.”

“గీ హుక్కుల తప్పున్నదా, నా చేతిల ఉన్నదా? ఇంట్ల అందరు నేనే సక్కగ పెట్టలే అంటున్నరు. పెట్టిన అనే నాకు యాదికున్నది. గాని ముసలోన్ని, ఏమో.”

హుక్కు తీసుకుని నొక్కాను. మూసుకుంది. మళ్లీ నొక్కాను. మూసుకుంది. ఐదుసార్లు. ఆరోసారి నొక్కలేదు. కావాలనే ఆపేశాను.

“హుక్కు మంచిగనే ఉన్నది, కాకా.”

ఆయన కాసేపు నా ముఖం చూశాడు. అనుమానంతో కాదు. డాక్టరు చెప్పే మాట కోసం చూసినట్టు చూశాడు.

“అంటే నా చెయ్యే,” అన్నాడు. “నలభై ఏండ్లు ఉలి పట్టిన చెయ్యి, బిడ్డా. గీత తప్పలే ఎన్నడు. ఇయ్యాల హుక్కు పెట్టరాకపాయె.”

నేను తాడును ఆయన వైపు జరిపాను.

“గీ తాడు నీ తాన్నే పెట్టుకో. ఇగ నాకెందుకు,” అని మెట్లు దిగాడు.

ఆయన వెళ్లాక హుక్కు నొక్కుతూ కూర్చున్నాను. పదకొండోసారి నాలుక సగంలో ఆగిపోయింది. నూనెలో కలిసిన తెల్లటి ముద్ద స్ప్రింగు చుట్టూ కనబడుతోంది. తలెత్తి చూస్తే కాకా ఇంకా రోడ్డుకు అవతలే ఉన్నాడు, ఆటో నిండే దాకా నిలబడి. పది నిమిషాలు నిలబడ్డాడు. పిలిస్తే వినబడే దూరం. తన రెండు అరచేతులూ ముందుకు చాపి, తిప్పి తిప్పి చూసుకుంటున్నాడు. నేను చూశాను. పిలవలేదు. ఆటో వచ్చింది, ఎక్కి వెళ్లిపోయాడు.

దుకాణం పేరు పోతుందని భయపడ్డానా? కొంత నిజం. కానీ ఎక్కువ భయం ఇంకోటి. నేను నిజం చెబితే ఆయన కోప్పడడని నాకు తెలుసు. ‘పోనీ తీ బిడ్డా’ అనేవాడు. ఆ మాట విని తలెత్తుకుని నిలబడే ధైర్యం నాకు లేకపోయింది. అందుకని ఆయన్నే తల దించుకునేలా చేశాను. ఎంత తేలిగ్గా చేశానో.

కుక్క పోయింది, ముసలాయన కొన్నాళ్లు బాధపడి మర్చిపోతాడు అనుకున్నాను. కుక్కే కదా అని కూడా ఒకసారి అనుకున్నాను, నా మోకాళ్లకు ఆనుకుని నిలబడ్డ దాని గురించి. ఆ తర్వాత సుగుణ సంచులు కుట్టించుకోవడానికి వచ్చినప్పుడల్లా ఒక్కో సంగతి చెప్పేది. మామ గడ్డం తానే గీసుకునేవాడు, మానేశాడు. తలుపు గొళ్లెం పెట్టి, పడిందో లేదోనని నాలుగుసార్లు లేచి చూస్తాడు. పొయ్యి దగ్గరికి వెళ్లనని ఆయనే అన్నాడు, వీళ్లు కూడా సరేనన్నారు. కొడుకు ఆయన సైకిలు ఎవరికో ఇచ్చేశాడు. ఆమె ఇవన్నీ చాడీలుగా చెప్పలేదు. ఆయన మీద ప్రేమతో, దిగులుతోనే చెప్పేది. నేను మిషను తొక్కుతూ ఊఁ కొట్టేదాన్ని.

మరుసటి ఏడాది ఆమెకు ఆడపిల్ల పుట్టింది. పాపకు మూడో నెల ఉన్నప్పుడు వచ్చి, కళ్లనీళ్లు పెట్టుకుని చెప్పింది.

“ఎత్తుకోమంటే ఎత్తుకోడక్కా. ఒళ్లె పెడ్తమన్నా వద్దంటడు. నా చేతికి నమ్మకం లేదు, పడేస్త అంటడు. దూరం కూసొని సూస్తడు.”

ఆ రోజు నేను ఆమెతో పాటు ఏడ్చాను. మంచి మనసున్న అక్క అనుకుని ఉంటుంది నన్ను. ఆ రోజైనా చెప్పాల్సింది. ఆటో ఎక్కి వాళ్లింటికి వెళ్తే అరగంట. బయలుదేరాను కూడా. బస్టాండు దాకా వెళ్లి, పాపకు ఒక గౌను కొని, దాన్ని సుగుణకు పంపి, ఆ పూటకు నా మనసుకు నచ్చజెప్పుకున్నాను.

పోయిన వానాకాలంలో కాకా పోయాడు. జ్వరం, రెండు రోజులు. వెళ్లాను. చేతులు ఛాతీ మీద కలిపి, బొటనవేళ్లు రెండూ గుడ్డపేలికతో కట్టి ఉన్నాయి. ఎన్ని కాయలు ఆ చేతుల నిండా. సుగుణ పాపను తెచ్చి తాత చేయి ముట్టించింది. అదే మొదటిసారి అని ఆమె ఏడుస్తూ అంటే, అక్కడున్న వాళ్లంతా ఏడ్చారు. ఆయన హుక్కు సరిగ్గానే పెట్టాడు అని అరవాలనిపించింది. అరిచి ఏం లాభం, వినాల్సిన మనిషి అలా పడుకున్నాక?

ఇప్పుడు సుగుణకు చెప్పాలా? చెబితే ఆయన సైకిలు ఇచ్చేసినందుకు, పొయ్యి దగ్గరికి వెళ్లనంటే సరేనన్నందుకు వాళ్లు జీవితాంతం కుమిలిపోతారు. అందుకే చెప్పడం లేదని అనుకుంటున్నాను. ఇది దయేనా, లేక నా పాత విద్యేనా? నాకు తెలియడం లేదు. ఈ మధ్య వికారాబాద్ నుంచి వచ్చే వాళ్ల హుక్కులు ఒక్కోటి యాభైసార్లు నొక్కి చూస్తున్నాను. ఎంత జాగ్రత్తమ్మా నీకు అని నవ్వుతారు. జాగ్రత్త కాదు, భయం. అనుమానం ఉంటే ‘ఇది నాతో కాదు’ అని తిరిగి ఇచ్చేస్తున్నాను. ఆ మాట అనడం ఇంత తేలికా అని ప్రతిసారీ అనుకుంటాను.

క్షమించమని అడగడానికి ఇది రాయలేదు. క్షమించగల మనిషి లేడు, ఉన్నప్పుడు నేను అడగలేదు. దేవుడు క్షమిస్తాడని పాస్టరుగారు అంటారు. కావచ్చు. కానీ కాకా అడిగింది దేవుణ్ణి కాదు, నన్ను. ఊరి నుంచి ఆటోలో వచ్చి, నన్ను నమ్మి, ఒకే ఒక్క ప్రశ్న అడిగాడు. దానికి జవాబు ఇక్కడ రాస్తున్నాను. ఆయనకు చెప్పాల్సిన మాటల్లోనే రాస్తున్నాను.

కాకా, నువ్వు హుక్కు సక్కగనే పెట్టినవ్. నీ చెయ్యి తప్పలే. హుక్కు ఖరాబున్నది, నాకెరుకనే ఇచ్చిన. పాపను ఎత్తుకో కాకా. పడెయ్యవు.