గోడలు తట్టి చూసిన మా అన్న

జనగామ. కార్తీకమాసం, శుక్రవారం.

మా పెద్దన్న పోయాడు. భూపాలపల్లిలో ఆయన దినాలు ముగించుకుని నిన్ననే ఇల్లు చేరాను. వెంటనే కూర్చుని ఇది రాయడానికి కారణం దుఃఖం కాదు, అదింకా రాలేదు. అన్న చెవుల విషయంలో మా ఇంట్లో జరిగిన పొరపాటే ఇప్పుడు మా వదిన విషయంలో మొదలైంది. అది ఆగాలి.

ఫోను చేసింది పెద్ద మేనల్లుడు. "అత్తా, బాపు పోయిండు" అన్నాడు. పొయ్యి మీద పాలు పొంగుకొస్తున్నాయి. దించి, మూతపెట్టి, "ఎప్పుడు?" అని అడిగాను.

"పొద్దుగాల. నిద్రలనే."

బస్సులో కిటికీ పక్కనే కూర్చున్నాను. దారిలో ఏం చూశానో ఒక్కటీ గుర్తు లేదు.

అన్న బొగ్గుగనిలో, మా మాటలో బొగ్గుబాయిలో, పనిచేశాడు. షిఫ్టు మొదలుకాగానే లోపలి కప్పును పరీక్షించడం ఆయన పని. పొడవాటి కర్రతో పైరాయిని తట్టి, సప్పుడు విని, కింద మనుషులు నిలబడవచ్చో లేదో చెప్పాలి. "మంచి రాయి ఖంగుమంటది. ఊడొచ్చేది మొద్దు సప్పుడు జేస్తది. నాకు అన్నం పెట్టేది చెవే చెల్లె" అనేవాడు.

బాయి బయట కూడా ఆ అలవాటు పోలేదు. నేను జనగామలో ఇల్లు కట్టించేటప్పుడు వచ్చి, కొత్తగా పూసిన గోడలన్నీ తట్టి, రెండుచోట్ల పెచ్చు కొట్టించి మళ్లీ పూయించాడు. మేస్త్రి విసుక్కున్నాడు.

"అన్నా, గిది ఇల్లు. బాయి గాదు."

"మీదవడ్డంక రెండూ ఒక్కటే తమ్మీ."

మేస్త్రి నవ్వి, తాపీ అందుకున్నాడు. కుండ కొన్నా, పుచ్చకాయ కొన్నా అన్న ముందు తట్టేవాడు. "లగ్గానికి ముందు బావను గూడ ఓసారి తట్టి చూసేదుండె" అని మా ఆయన ఎదుటే అనేవాడు. మా ఆయన తల వంచి ముందుకు పెట్టేవాడు.

ఏళ్ల తరబడి యంత్రాల మోత, పేలుళ్లు విన్న చెవులు అవి. రిటైరైన కొన్నాళ్లకు వినికిడి తగ్గింది. మొదట టీవీ గట్టిగా పెట్టాడు. తర్వాత పాత జతగాళ్లతో హోటల్లో చాయ తాగడం మానేశాడు. నలుగురూ ఒక్కసారి మాట్లాడితే ఆయనకు ఏదీ అందేది కాదు. వాళ్లు నవ్వినప్పుడు తానూ నవ్వి, అడిగినదానికి తల ఊపి, ఇంటికొచ్చి పడుకునేవాడు. ఇంట్లోనూ ఆయనను అడగడం తగ్గిపోయింది. కూర ఏం కావాలో, పాణం ఎట్లుందో అన్నీ వదినే చెప్పేది. "ఆయినకు ఇనవడేదాక ఎవలు మొత్తుకుంటరు, నేనే జెప్త" అనేది. ప్రేమతోనే అనేది.

ఆ తర్వాత పేర్లు మరిచిపోయాడు. కురవి జాతరలో దారి తప్పాడు. ఆపైన ముందు గది గోడను కర్రతో తట్టడం మొదలుపెట్టాడు. తట్టి, ఆగి, అరచెయ్యి ఆనించి, మళ్లీ తట్టేవాడు. మనుమలు ఆ గోడ పక్కన కూర్చుంటే రెక్క పట్టి లేపేవాడు. బాపుకు మతి తప్పిందన్నారు కొడుకులు. కర్ర దాచేశారు. ఆయన వేళ్ల కణుపులతో తట్టాడు.

నేను పట్టుబట్టి హన్మకొండలో చెవుల డాక్టరమ్మకు చూపించాను. ఆమె దాచకుండా చెప్పింది. చెవి తగ్గిన ప్రతివాళ్లకూ మతి పోదు. కానీ ఏళ్ల తరబడి మాట లోపలికి పోకపోతే మనిషి నలుగురికీ దూరమవుతాడు, మెదడుకు పని తగ్గుతుంది, మతిమరుపు ముప్పు పెరుగుతుంది. "ముందే తీసుకొస్తే మతి నిలిచేదా?" అని అడిగాను. "కొంత నిలిచేదేమో. ఖాయంగా చెప్పలేనమ్మా" అన్నది.

చెవి మిషను పెట్టుకుని ఇంటికొచ్చిన అన్న నేరుగా ముందు గదిలోకి వెళ్లి గోడ తట్టాడు. రెండోసారి తట్టలేదు. "మంచిగనే ఉన్నది. ఇగ కూసోండ్రి" అన్నాడు.

అప్పుడు గాని మాకు తెలియలేదు. ఖంగుమనే సప్పుడు ఆయన చెవికి అందక, ఎక్కడ తట్టినా మొద్దుగానే వినిపించింది. ఆయన లెక్కలో ఆ గోడ పిల్లల మీద పడబోతున్నది. ఆ సాయంత్రం అందరం దానికి ఆనుకుని కూర్చున్నాం.

పోయిన మతి తిరిగి రాలేదు. కొన్నాళ్లు మనుమరాలి కబుర్లు విని నవ్వాడు. చివరికి నన్ను మా అమ్మ అనుకున్నాడు. "అన్నం తిన్నవా అవ్వా?" అని అడిగేవాడు. తిన్నానని చెప్పేదాన్ని.

కాళేశ్వరంలో అస్థికలు కలిపి వచ్చాక, వదిన మానుకోటలో చిన్నకొడుకు దగ్గర ఉండాలని అన్న కొడుకులు అనుకున్నారు. మహబూబాబాద్‌ను మేం అలాగే అంటాం. "పోదమానే అమ్మా?" అని చిన్నవాడు వంటింటి వైపు కేకేశాడు. వదిన తల ఊపింది. వెంటనే సామాను కట్టడం మొదలైంది.

నేను వెళ్లి ఆమె ఎదురుగా కూర్చుని, మొహం చూపిస్తూ అడిగాను. "వదినా, మానుకోటల ఉండనీకి పోతవా?"

"ఎవలన్నరు? నేనేడికి పోత! నా ఇల్లు ఈడనే గద."

"అమ్మ సరే అన్నది గదత్తా" అన్నాడు చిన్నవాడు.

"తల ఊపింది. సరే అన్లేదు. మీ బాపు గూడ గిట్లనే ఊపిండు."

వదిన మా మొహాలు ఒక్కొక్కటే చూసింది.

ఇక జరగవలసినవి:

1. బుధవారం వదినను హన్మకొండ తీసుకెళ్లి చెవులు పరీక్ష చేయించాలి. కారు చిన్నవాడు తేవాలి. అదే రోజు నేనూ చేయించుకుంటాను.

2. అన్న మిషను ఆమెకు పెట్టకూడదు. ఎవరి చెవికి తగ్గట్టు వారికి సరిచేయాలి.

3. ఆమెను అడిగిన మాటకు ఆమే జవాబు చెప్పాలి. టీవీ ఆపి, ఎదురుగా కూర్చుని, ఒక్కరే మాట్లాడాలి. జవాబు ఆలస్యమైతే ఆగాలి.

4. చదువుతున్న మీ ఇంట్లో కూడా ఎవరైనా నలుగురి మధ్య నుంచి లేచిపోయి పడుకుంటుంటే, వయసని వదిలేయకండి. చెవులు చూపించండి.

5. మానుకోట సంగతి వదిన వినగలిగాక మళ్లీ అడగాలి. అప్పటిదాకా కట్టిన మూటలు విప్పాలి. ఆమె గిన్నెలు ఆమె వంటింట్లో, ఆమె చేతికందే అరలో పెట్టాలి.